చాటగుట్ల కోళ్లు, భోపాల్ నివేదిక

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోని రెండు ఊళ్ల పేర్లు రాష్ట్రమంతా వినిపించాయి. ఒకటి పొదలకూరు మండలం చాటగుట్ల, రెండోది పెన్నా నదికి అవతలి ఒడ్డున ఉన్న కోవూరు మండలంలోని గుమ్మళ్లదిబ్బ. రెండుచోట్లా కోళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. లెక్క వేలల్లోకి వెళ్లింది. పశుసంవర్ధక శాఖ నమూనాలు తీసి భోపాల్‌కు పంపింది. అక్కడినుంచి జవాబు వచ్చింది: బర్డ్ ఫ్లూ.

ఆ తర్వాతి పనులు చకచకా జరిగిపోయాయి. తెగులు పడిన చోటికి పది కిలోమీటర్ల లోపు చికెన్ దుకాణాలు మూడు రోజులు మూసేయమన్నారు. కిలోమీటరు లోపు దుకాణాలకైతే మూడు నెలలు తాళం. కోళ్ల బండ్ల రాకపోకలు ఆపేశారు. నెల్లూరు టౌనులో ఆదివారం పూట కిటకిటలాడే చికెన్ అంగళ్లు వెలవెలబోయాయి, జనం చేపల వైపు మళ్లారు.

ఊళ్లోవాళ్లకు భోపాల్ నుంచి చేరింది ఒక్క మాటే, ‘పాజిటివ్’ అని. అయితే ఆ నమూనాలోని వైరస్ చెప్పగలిగింది అంతకన్నా చాలా ఎక్కువ. అది ఏ వంశానిది, ఏ దేశపు వైరస్‌కు దగ్గరి చుట్టం, పక్షి నుంచి పక్షికి ఎంత తేలిగ్గా పాకుతుంది, మనిషి ఒంట్లో నిలదొక్కుకునే మార్పులేమైనా దానికి వచ్చాయా అన్న సంగతులన్నీ దాని జన్యువుల్లోనే రాసి ఉంటాయి. వాటిని చదివే విద్య ఇప్పుడు మన దేశంలో ఉంది. చదివినది కోళ్ల రైతు దాకా ఎంతమేరకు చేరుతున్నదన్నదే అసలు ప్రశ్న.

కోళ్లు పెంచేవాళ్లకు ఫారంలో చావులు మొదలవగానే తట్టేది బర్డ్ ఫ్లూ కాదు, కొక్కెర తెగులు. తరతరాలుగా తెలిసిన శత్రువు అది. కోడి నోరు తెరిచి గురకతో ఊపిరి తీస్తుంది, ఆకుపచ్చగా పారుతుంది, మెడ వంకర తిరుగుతుంది, కాళ్లూ రెక్కలూ పడిపోతాయి. బర్డ్ ఫ్లూ పట్టిన కోడికి తల వాస్తుంది, జుట్టూ తమ్మెలూ నీలంగా మారతాయి, కాళ్ల మీద రక్తం గూడుకట్టిన ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. పుస్తకంలో ఇలా విడివిడిగా ఉంటాయి గానీ షెడ్డులో ఈ తేడాలు ఇంత స్పష్టంగా కనిపించవు. రెండు జబ్బుల్లోనూ గుడ్లు ఉన్నట్టుండి తగ్గిపోతాయి, రెండింటిలోనూ ఊపిరాడదు. కొన్ని కోళ్లయితే ఏ లక్షణమూ చూపకుండానే సాయంత్రం మేత తిని, తెల్లారేసరికి కాళ్లు చాపేస్తాయి. ఎంత అనుభవమున్న పశువైద్యుడైనా కళ్లతో చూసి కచ్చితంగా తేల్చలేడు.

అందుకే నమూనా తీయాలి. ఒళ్లంతా కప్పే పీపీఈ సూటు, కళ్లద్దాలు, రెండు జతల గ్లవ్స్‌తో పశువైద్యుడు షెడ్డులోకి వెళ్తాడు. సహాయకుడు కోడిని పట్టుకుంటే, నోరు తెరిచి సన్నటి దూది పుల్లను గాలిగొట్టంలోకి పోనిచ్చి నెమ్మదిగా తిప్పుతాడు. ఇంకో పుల్లతో రెట్ట వచ్చే దారి నుంచి తీస్తాడు. రెండు పుల్లలనూ వైరస్ చెడిపోకుండా కాపాడే ద్రవం ఉన్న చిన్న సీసాల్లో ముంచి, మూత బిగించి, ఫారం పేరూ తేదీ రాస్తాడు. సీసాలను మూడు పొరల్లో చుట్టి ఐసు మధ్య పెడతారు. పెట్టె వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. దారిలో ఐసు కరిగితే వైరస్ జన్యు పదార్థమైన ఆర్ఎన్ఏ చీకిపోతుంది, పడ్డ శ్రమంతా వృథా.

పెట్టె చేరేది భోపాల్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హై సెక్యూరిటీ యానిమల్ డిసీజెస్‌కు. భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద పనిచేసే ఈ సంస్థే మన దేశంలో బర్డ్ ఫ్లూను అధికారికంగా నిర్ధారించేది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలోనే మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు కూడా తేల్చి చెప్పింది ఈ ల్యాబే. లోపలి గాలి బయటకు పొక్కకుండా కట్టిన గదులవి. అక్కడ పనిచేసేవాళ్లు బయటికి రావాలంటే తలారా స్నానం చేసి, బట్టలు మార్చుకోవాలి.

మొదట చేసేది పీసీఆర్ పరీక్ష. కరోనా పుణ్యమా అని ఈ పేరు ఊరూరా తెలిసింది. వైరస్ జన్యువులో ముందే తెలిసిన ఒక ముక్క నమూనాలో ఉందా లేదా అని వెతికి, ఉంటే దాన్ని కోట్ల రెట్లు పెంచి చూపిస్తుంది. కొన్ని గంటల్లో జవాబొస్తుంది. ఆ జవాబు ఉందనో, లేదనో మాత్రమే. ఆ తర్వాతిది సీక్వెన్సింగ్, అంటే వైరస్ జన్యువును అక్షరం అక్షరంగా మొదటినుంచి చివరిదాకా చదవడం. కథంతా ఇక్కడ ఉంటుంది.

బర్డ్ ఫ్లూ వైరస్ జన్యువు ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. అన్నీ కలిపినా అక్షరాలు సుమారు 13,500. మనిషి జన్యువులో 300 కోట్లు. ఇంత చిన్నదే అయినా ఈ వైరస్ తనకు నకలు తీసుకునేటప్పుడు తప్పులు దిద్దుకోదు. ప్రతి నకలులోనూ ఒకటీ అరా అక్షరం మారుతూ పోతుంది. ఆ మారిన అక్షరాలే శాస్త్రవేత్తలకు ఆనవాళ్లు. రెండు ఫారాల వైరస్‌ల మధ్య ఒకటి రెండు అక్షరాలే తేడా ఉంటే ఒకదాని నుంచి ఇంకొకదానికి ఇటీవలే పాకిందని అర్థం. వందల అక్షరాలు తేడా ఉంటే అవి వేర్వేరు దారుల్లో వచ్చినవి.

ఎనిమిది ముక్కల్లో ఒకటి హిమాగ్లుటినిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. వైరస్ కోడి కణానికి అతుక్కునేది దీంతోనే. అతుక్కున్నాక లోపలికి దూరాలంటే ఈ ప్రోటీన్ ఒకచోట తెగాలి. తెగే ఆ చోట ఏ అమైనో ఆమ్లాలు వరసగా ఉన్నాయో చూసి వైరస్ తీవ్రతను అంచనా వేస్తారు. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం గుర్తు. సాధు రకం హెచ్5 (హెచ్ అంటే ఈ హిమాగ్లుటినినే) వైరస్‌లో అక్కడ ‘ఆర్, ఇ, టి, ఆర్’ అని ఉంటుంది. దీన్ని కోయగల ఎంజైములు కోడి ఊపిరి దారిలోనూ పేగుల్లోనూ మాత్రమే ఉంటాయి కాబట్టి జబ్బు అక్కడితో ఆగిపోతుంది. ప్రాణాంతక రకంలో అదే చోట ‘ఆర్, ఇ, ఆర్, ఆర్, ఆర్, కె, ఆర్’ అని కనిపిస్తుంది. ఆర్ అంటే ఆర్జినిన్, కె అంటే లైసిన్. ఇవి ఇలా వరసకట్టాయంటే ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉండే ఫ్యూరిన్ అనే ఎంజైము కోసేయగలదు. అప్పుడు వైరస్ గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు దేన్నీ వదలదు. నలభై ఎనిమిది గంటల్లో షెడ్డు ఖాళీ అయిపోయే ఘోరం వెనకున్న కారణం ఆ నాలుగైదు అక్షరాలే. ఇంకా భయపెట్టే విషయం, హెచ్5, హెచ్7 రకాల్లో సాధు వైరస్ వేల కోళ్ల మధ్య తిరుగుతూ తిరుగుతూ ప్రాణాంతకంగా మారిపోగలదు.

ఇప్పుడు ప్రపంచాన్ని చుట్టేసిన హెచ్5ఎన్1 వంశానికి మూలమైన వైరస్ 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక బాతు జాతి పక్షి నుంచి దొరికింది. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి, ఆరుగురు చనిపోయారు. అక్కడి కోళ్లన్నిటినీ చంపేశారు. ఆ తర్వాత ఆ వంశం కొమ్మలు, రెమ్మలుగా చీలింది. ఒక్కో కొమ్మకూ అంకెలతో పేరు పెట్టారు. 2006లో మన దేశానికి వచ్చింది 2.2 కొమ్మ. ఆపైన భారత్, బంగ్లాదేశ్‌లలో పాతుకుపోయింది 2.3.2.1ఎ. ఈమధ్య యూరప్, అమెరికాలను వణికించింది 2.3.4.4బి. ఇది మన దేశంలోకీ వచ్చింది.

రెండు రకాలు ఒకే పక్షిని ఒకేసారి పట్టుకుంటే ఇంకో ప్రమాదం. రెండు పేకకట్టలు కలిపి పంచినట్టు ఎనిమిది ముక్కలూ కలగాపులగమై, దీనివి కొన్ని, దానివి కొన్ని ఉన్న కొత్త వైరస్ పుట్టుకొస్తుంది. ఇది ఊహ కాదు. 2024 ఫిబ్రవరిలో కోల్‌కతా వచ్చి ఆస్ట్రేలియా తిరిగి వెళ్లిన రెండున్నరేళ్ల పాపకు తీవ్రమైన జబ్బు చేసింది. బతికి బయటపడింది. ఆ పాప నమూనాలోని జన్యువును చదివితే హెచ్5ఎన్1 అని తేలింది. పై ప్రోటీన్ 2.3.2.1ఎ కొమ్మది, లోపలి ముక్కల్లో కొన్ని 2.3.4.4బి కొమ్మవి. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లులకు సోకిన హెచ్5ఎన్1ను కూడా భోపాల్ శాస్త్రవేత్తలు చదివారు. కోళ్ల జబ్బు పిల్లి దాకా వచ్చిందంటే ఇంట్లోకి వచ్చినట్టే.

నెల్లూరు తీరానికి వస్తే, తెగులు ఎలా వచ్చిందని అడిగినప్పుడల్లా వేళ్లు వలస పక్షుల వైపే చూపిస్తాయి. అందులో అర్థం లేకపోలేదు. ఏటా చలికాలంలో పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు, రకరకాల బాతులు వస్తాయి. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు, కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. సూళ్లూరుపేటలో వాటి పేరిట పండగే చేస్తారు. తీరం పొడవునా రొయ్యల చెరువులు, వరి మడులు. నీటి పక్షికి కావలసినంత తిండి. ఇదే నేల మీద కోళ్ల ఫారాలూ ఉన్నాయి, పెరట్లో నాటుకోళ్లూ ఉన్నాయి. 2020 డిసెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్ డ్యాం జలాశయం దగ్గర వలస వచ్చిన పక్షులు వేల సంఖ్యలో హెచ్5ఎన్1తో చచ్చిపోయాయి కూడా.

అయినా అనుమానం వేరు, రుజువు వేరు. కొంగ రెట్టలో దొరికిన వైరస్‌నూ, ఫారంలో దొరికిన వైరస్‌నూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పగలం. చాలా దేశాల్లో అలా చదివి చూస్తే తేలిందేమిటంటే, వైరస్‌ను ఒక ప్రాంతానికి మొదట తెచ్చేది అడవి పక్షి కావచ్చు గానీ, అక్కడినుంచి ఫారం నుంచి ఫారానికి మోసుకెళ్లేది ఎక్కువగా మనుషులే. కోళ్ల లారీ టైర్లు, కడగని గుడ్ల ట్రేలు, మేత బస్తాలు, ఒకే చెప్పులతో నాలుగు షెడ్లు తిరిగే కూలీలు, చచ్చిన కోళ్లను పడేసే కాలువలు. జన్యు ఆధారం లేకుండా నేరమంతా ఫ్లెమింగో మీదికి తోసేస్తే పక్షికి అన్యాయం. రైతుకు అంతకన్నా పెద్ద నష్టం. తన గేటు దగ్గర సరిచేసుకోవలసినదాన్ని ఆకాశంలో వెతుక్కుంటూ కూర్చుంటాడు.

నెల్లూరు ఘటన జరిగిన ఏడాదికి, 2025 ఫిబ్రవరిలో, గోదావరి జిల్లాల వంతు వచ్చింది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం నమూనాల్లో హెచ్5ఎన్1 ఉన్నట్టు భోపాల్ నిర్ధారించింది. అప్పటికే కొన్ని వారాలుగా ఆ చుట్టుపక్కల కోళ్లు చస్తూనే ఉన్నాయి. నిర్ధారణ ఎంత ఆలస్యమైతే వైరస్‌కు అంత తీరిక దొరుకుతుంది.

రైతు ఎందుకు ముందే చెప్పడు? ఇందులో అతన్ని తప్పుపట్టే ముందు నిబంధన చూడాలి. ప్రభుత్వం తానుగా చంపించిన కోళ్లకు పరిహారం ఇస్తుంది, కేంద్రం సగం, రాష్ట్రం సగం. ఆలోపే తెగులుతో చచ్చిన కోళ్లకు రాదు. అంటే నిజానికి తొందరగా చెప్పిన రైతుకే ఎక్కువ కోళ్లకు పరిహారం దక్కుతుంది. అయితే పాజిటివ్ వస్తే మూడు నెలలు షెడ్డు ఖాళీగా ఉంచాలి, బ్యాంకు వాయిదా ఆగదు, పక్క ఫారాలవాళ్లు శాపనార్థాలు పెడతారు. ఆ భయంతోనే ‘కొక్కెరేలే’ అనుకుని, మందుల షాపు నుంచి యాంటీబయోటిక్ తెచ్చి నీళ్లలో కలుపుతారు. వైరస్ మీద యాంటీబయోటిక్ పనిచేయదు.

మనిషి సంగతి మరీ ముఖ్యం. పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప 2025 మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ హెచ్5ఎన్1 అని నిర్ధారించింది. పాప పచ్చి కోడి మాంసం ముక్క తిన్నట్టు విచారణలో తేలింది. బాగా ఉడికిన మాంసంలో, గుడ్డులో ఈ వైరస్ బతకదు. 70 డిగ్రీల వేడికి లోపలిదాకా ఉడికితే చాలు. ప్రమాదమంతా పచ్చి మాంసంతోనూ, జబ్బు కోడిని చేత్తో పట్టుకోవడంతోనూ. మనిషి నుంచి మనిషికి తేలిగ్గా అంటుకునే శక్తి ఈ వైరస్‌కు ఇంతవరకూ రాలేదు. వస్తే దాని ఆనవాలు ముందు జన్యువులోనే కనిపిస్తుంది. పీబీ2 అనే ముక్క తయారుచేసే ప్రోటీన్‌లో 627వ స్థానంలో ‘ఇ’ ఉండాల్సిన చోట ‘కె’ వచ్చిందంటే అది క్షీరదాల ఒంటికి అలవాటు పడుతున్నట్టు గుర్తు. అందుకే ప్రతి కొత్త నమూనాలోనూ శాస్త్రవేత్తలు ఆ చోటు వెతికి చూస్తారు. చాటగుట్లలాంటి ఊరి కోడి జన్యువును చదవడం ఆ ఊరి కోసమే కాదు, దేశం కోసం కూడా.

ఇక కొక్కెర. దాని అంతర్జాతీయ పేరు న్యూకాజిల్ జబ్బు. మన దేశంలో రాణికేత్ అంటారు. 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణికేత్‌లో గుర్తించడంతో ఆ పేరు పడింది. ఈ వైరస్ జన్యువులో అక్షరాలు సుమారు 15,200. ప్రాణాంతక రకమో కాదో తేల్చేది ఇక్కడ కూడా ప్రోటీన్ తెగే చోటే. టీకాలు దశాబ్దాలుగా ఉన్నాయి. లసోటా టీకా వైరస్ 1946లో అమెరికాలోని న్యూజెర్సీలో దొరికినది, ముక్తేశ్వర్ ఆర్2బి కూడా దాదాపు ఆ కాలానిదే. జన్యు వర్గీకరణలో లసోటా రెండో రకం, ఆర్2బి మూడో రకం. ఇప్పుడు మన ఫారాల్లో తిరుగుతున్న వైరస్‌ల జన్యువులు చదివితే ఎక్కువగా కనిపించేవి ఏడో రకం, పదమూడో రకం. అంటే టీకా ఒక కొమ్మది, తెగులు ఇంకో కొమ్మది. పాత టీకాలు పనికిరావని దీనర్థం కాదు. సరిగా వేస్తే అవి కోడి ప్రాణాన్ని చాలామటుకు కాపాడతాయి. అయితే వైరస్ ఒంట్లో పెరగడాన్నీ, రెట్టలో బయటికి రావడాన్నీ అంతగా ఆపలేవు. టీకా వేయించాం కదా అని ధీమాగా ఉన్న రైతు షెడ్డులో గుడ్లు ఉన్నట్టుండి పడిపోవడానికి ఇదొక కారణం కావచ్చు. టీకా చల్లదనం తప్పిందా, వేసిన తీరు బాగాలేదా, వైరసే మారిందా అన్నది తేలాలంటే ఆ షెడ్డులోని వైరస్‌నే చదవాలి.

హెచ్9ఎన్2 అనే తక్కువ తీవ్రత ఫ్లూ విషయంలో ఇలాంటి చదువు ఇప్పటికే ఫలితమిచ్చింది. మన దేశంలో కోళ్లలో ఏళ్ల తరబడి తిరుగుతున్న ఈ వైరస్‌కు భోపాల్ సంస్థే ఇక్కడి రకంతో టీకా తయారుచేసి, ఆ విధానాన్ని కంపెనీలకు అందించింది. హెచ్5ఎన్1కు మాత్రం మన దగ్గర టీకా వేయడం లేదు, కోళ్లను చంపి తెగులును ఆపడమే పద్ధతి.

జన్యు పరీక్ష అనగానే ఇది పెద్ద పెద్ద ల్యాబుల వ్యవహారం, రైతుకు అందదు అనుకోవడం నెల్లూరు తీరంలో మాత్రం చెల్లదు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ రొయ్యల చెరువులను తుడిచిపెట్టింది. కోట్ల రూపాయల అప్పులు మిగిలాయి. ఆ దెబ్బకు ఇక్కడి రైతు నేర్చుకున్న మొదటి పాఠం రొయ్య పిల్లను పరీక్ష చేయించకుండా చెరువులో వదలకూడదని. ఈరోజు హేచరీ దగ్గర బేరం మొదలవగానే అడిగే మాట ‘పీసీఆర్ చేయించారా?’ అని. ఎకరం, రెండెకరాల చెరువు ఉన్న రైతు కూడా అడుగుతాడు. విదేశాల నుంచి వచ్చే వనామీ రకం తల్లి రొయ్యలు 2009 నుంచి చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటాకే హేచరీకి వస్తాయి. రొయ్యకు ఇంత ఏర్పాటు జరిగినప్పుడు కోడికి ఎందుకు జరగకూడదు?

దేశంలో అత్యధికంగా గుడ్లు పెట్టేది ఆంధ్రప్రదేశ్ కోళ్లే. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2023-24లో దేశం మొత్తమ్మీద ఉత్పత్తయిన 14,277 కోట్ల గుడ్లలో 17.85 శాతం ఇక్కడివే. 2025 ఏప్రిల్‌లో కేంద్ర పశుసంవర్ధక శాఖ కోళ్ల ఫారాలన్నీ రాష్ట్రాల వద్ద తప్పనిసరిగా రిజిస్టర్ కావాలని చెప్పింది. ఏ ఫారం ఎక్కడుందో తెలిస్తేనే ఏ వైరస్ ఎక్కడినుంచి ఎక్కడికి నడిచిందో గీత గీయగలం కాబట్టి ఇది అవసరమైన మొదటి అడుగు.

హెచ్5 అనుమానం ఉన్న నమూనా భోపాల్‌కే వెళ్లాలి. అంత ప్రమాదకరమైన వైరస్‌ను మామూలు ల్యాబులో పెంచకూడదు. ఆ నిబంధన సడలించమని ఎవరూ అడగడం లేదు. కొక్కెర, గంబోరో, ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ లాంటి రోజువారీ తెగుళ్ల సంగతి అది కాదు. ఏ ఏడాదికా ఏడాది రైతును ఎక్కువగా నష్టపరిచేవి ఇవే. వీటి జన్యువులో టీకాకు సంబంధించిన ముక్కను చదవడానికి పక్కనున్న తిరుపతి చాలు. 1955 నుంచి అక్కడ పశువైద్య కళాశాల ఉంది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. పొదలకూరులో పొద్దున తీసిన నమూనా మధ్యాహ్నానికి అక్కడికి చేరుతుంది. చదివినదాన్ని థీసిస్‌లో బైండు చేసి బీరువాలో పెట్టకుండా, ఒక పేజీ తెలుగులో రాసి రైతుకు పంపాలి. మీ షెడ్డులో ఉన్నది ఈ రకం, మీరు వేస్తున్న టీకాకు ఇంత దూరం, ఈ నెలలో మీ చుట్టుపక్కల ఇదే రకం ఇన్ని ఫారాల్లో కనిపించింది, తర్వాతి బ్యాచ్‌కు టీకా షెడ్యూలు ఇలా మార్చుకోండి అని. ఫారం పేరు బయటపెట్టకుండా మండలం పేరుతో ఆ వివరాలు నెలనెలా ప్రకటిస్తే, పాజిటివ్ అనే మాటకు భయపడి దాచుకునే రైతు కూడా నమూనా ఇవ్వడానికి ముందుకొస్తాడు.